ఆరు నిమిషాలు

రెండో ఆదివారం, సాయంత్రం నాలుగున్నర.
వారాసిగూడలో హోమియో క్లినిక్కు
సగం తెరిచిన షట్టరు కింద వంగి లోపలికి పోతాం.
వంగనివాళ్లకు సాహిత్యంలో చోటు లేదని
దమయంతి డాక్టరుగారి హాస్యం.
ఆ షట్టరు అంతకన్నా పైకి పోదు, అదీ సంగతి.

రోగుల బెంచీల మీద ఎదురెదురుగా ఏడుగురం.
ఒక్కోసారి ఐదుగురం. వానొస్తే ముగ్గురం.
బరువు చూసే మిషను మీద మా నోటుబుక్కుల దొంతర.
ముల్లు రెండు కిలోల దగ్గర వణుకుతుంటే
"ఈ నెల జర తగ్గినం" అంటాడు లింగస్వామి.

లింగస్వామి ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టాడు.
ఇప్పటికీ నిలబడే చదువుతాడు,
ఎడమచేత్తో పైన లేని కడ్డీని పట్టుకుని.
నఫీసా టీచరు తలాబ్‌కట్ట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది.
తెలుగులో రాస్తుంది, ఉర్దూలో లెక్కపెడుతుంది,
కోపం మాత్రం రెండింట్లోనూ.
సుదర్శనం స్టాంపు పేపర్లు అమ్ముతాడు.
నాలుగేళ్లుగా అతని నవల నాలుగో అధ్యాయంలోనే ఉంది.
అందులో సక్కుబాయి జామై ఉస్మానియా స్టేషన్లో
ఇంకా రైలెక్కలేదు.
"ఎక్కించరాదయ్యా, కాళ్లు గుంజుతయ్ పాపం"
అని నెలనెలా ఎవరో ఒకరం బతిమాలతాం.

అక్కడ "అద్భుతం" అనకూడదు.
వెన్నెల అని రాస్తే ఐదు రూపాయల జరిమానా,
మౌనం అంటే పది.
చక్కెర గోలీల ఖాళీ సీసాలో పడుతుంది చిల్లర.
మిర్చీ బజ్జీలు ఆ డబ్బుతోనే.
ఓసారి సీసా అడుగంటిందని తెలిసి
ప్రవల్లిక, మాలో చిన్నది,
పద్నాలుగు లైన్లలో ఆరు వెన్నెలలు వేసుకొచ్చింది.

నా కవితలో చివరి నాలుగు లైన్లను
నఫీసా అరచేత్తో కప్పి "ఇప్పుడు చదువు" అన్నరోజు
ఇంటిదాకా నడిచే పోయాను, మండిపోతూ.
సీతాఫల్‌మండి దాటేసరికి మంట తగ్గింది.
చిలకలగూడ చౌరస్తాలో ఆగి చూసుకుంటే
ఆమె చెయ్యి కింద ఏముండేదో నాకే గుర్తు రాలేదు.

రాణీగంజ్‌లో పంపుసెట్ల దుకాణంలో
లెక్కలు రాస్తాను నేను.
ఒక ఏడాది అంకెలు తప్ప ఇంకేమీ రాలేదు.
కారణం ఉంది. అక్కడ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

మనిషికి ఆరు నిమిషాలు మా దగ్గర.
వంటింటి గంట ఒకటి ఉంది, టమాటా ఆకారంలో,
మెడ తిప్పితే టిక్కుటిక్కుమంటుంది.
నా వంతు వచ్చింది.
"ఏం తేలేదండీ" అన్నాను.
పక్కవాళ్లకు ఇచ్చేస్తారనుకున్నాను.
డాక్టరుగారు ఎప్పట్లాగే టమాటా మెడ తిప్పి బల్ల మీద పెట్టారు.

ఎవరూ నావైపు జాలిగా చూడలేదు.
ఎవరూ ఫోను తీయలేదు.
లింగస్వామి కళ్లు మూసుకున్నాడు,
ఎవరైనా చదువుతుంటే మూసుకుంటాడే, అట్లా.
పాత ఇనుము కొంటామని మైకులో అరుచుకుంటూ
గల్లీలో ఒక బండి వచ్చింది, పోయింది.
ఫ్యాను. టిక్కుటిక్కు. మళ్లీ ఫ్యాను.
గంట మోగింది.
"రెండో నిమిషం దగ్గర కొంచెం సాగింది"
అన్నాడు సుదర్శనం, చాలా సీరియస్‌గా.

ఎన్నాళ్లకో నవ్వాను.

పది నెలలు అట్లాగే, ఆరేసి నిమిషాలు.
కాగితం లేని ఒక గంట కావ్యాన్ని
నా ఊపిరిలోంచి విన్నవాళ్లు
ఈ ఊళ్లో ఆరుగురున్నారు.

మా పేర్లు మీరు విని ఉండరు.
ఎప్పుడైనా పేపర్లో ఓ మూల ఎవరిదైనా అచ్చయితే
ఆ ముక్క కత్తిరించి మందుల అల్మారాకు అంటిస్తారు డాక్టరుగారు.
లింగస్వామి కవిత చదివి దగ్గు తగ్గిందని
ఒక పేషెంటు అన్నాడట.
లింగస్వామే చెప్పాడు.

పదకొండో నెల ఒక లైను పట్టుకుపోయాను.
ఐదు మాటలు.
చదవడానికి ఆరు సెకన్లు పట్టలేదు.
మిగిలిన టైమంతా దాని మీదే కొట్టుకున్నారు.
చివరికి నఫీసా ఒక మాట కొట్టేసింది, ఎర్ర పెన్నుతో,
స్కూలు పిల్లల లెక్క తప్పు కొట్టినట్టు.

లేచి వెళ్లి సీసాలో
వంద నోటు మడిచి దూర్చాను,
పది నెలలకు, పది చొప్పున.
ఏమిటని ఎవరూ అడగలేదు. లెక్క అందరికీ వచ్చు.

ఆ పూట బజ్జీలు మిగిలిపోయాయి.
సుదర్శనం రెండు పొట్లం కట్టుకున్నాడు,
సక్కుబాయికట,
ఎంతసేపని నిలబడుతుంది ఉట్టి కడుపుతో.